ఢిల్లీ వెళ్ళి పరేడ్ చూడాలా, టీవీలో చూస్తే చాలదా?

అమలాపురం సభ్యుడు:
మన కోనసీమ ప్రభల తీర్థం, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభలలో దేవుళ్ళను ఊరేగించే సంక్రాంతి పండుగ, 2023 జనవరి 26న ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్తోందని తెలిసి, నాన్నగారిని వెంటబెట్టుకుని రాజమండ్రిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చీకటితోనే బస నుంచి బయలుదేరి, సోదాలన్నీ చేయించుకుని, ఆ చలిలో గంటల తరబడి కూర్చుంటే, ప్రభలు మా ముందు నుంచి దాటిపోవడానికి నిమిషం కూడా పట్టలేదు. ముందు వరుసలవారు లేచి నిలబడటంతో నాన్నగారికి కనిపించింది శిఖరం మాత్రమే. జగ్గన్నతోట తీర్థానికి జనం భుజాల మీద ఊగుతూ కౌశిక కాలువ దాటే ప్రభను కనుమనాడు ఏటా చూసే మనిషికి, బండి మీద బిగించిన ప్రభను చూపించడానికా ఇంత దూరం తీసుకువచ్చాను అనిపించింది. ఢిల్లీ చూడబోయేవారు పరేడ్‌ను టీవీకి వదిలేసి, శనివారం రాష్ట్రపతి భవన్ ముంగిట జరిగే కాపలా మార్పిడి చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

భీమవరం సభ్యురాలు:
మీ నాన్నగారి ఇబ్బంది అర్థమైంది గానీ, మీరు తేల్చిన మాటతో ఏకీభవించలేను. జాతీయగీతం సాగే 52 సెకన్లలోనే 21 తోపుల వందనం పూర్తి కావాలి; టీవీలో అది టపాకాయల చప్పుడులా వినిపిస్తుంది, అక్కడైతే కుర్చీ మీద ఆనించిన అరచేతికి తెలుస్తుంది. పైగా పాత బ్రిటిషు 25 పౌండర్ ఫిరంగుల స్థానంలో మన దేశంలో తయారైన 105 మి.మీ. ఫిరంగులు వందనం చేసిన తొలి గణతంత్ర దినోత్సవం మీరు వెళ్ళిన ఆ 2023దే. మీరు శకటం కోసం వెళ్ళి కవాతును వదిలేశారేమో ఆలోచించండి.

పాలకొల్లు సభ్యుడు:
జనవరి 29 సాయంత్రం విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్, అదే సైనిక బ్యాండ్ల ముగింపు వేడుక, సంగతి ఎవరూ ఎత్తలేదేమండీ? బ్యాండ్లు వినాలనుకునేవారికి అంతకు మించినది లేదు.

కాకినాడ సభ్యుడు:
ఎక్కడి నుంచి బాగా కనిపిస్తుందన్న వాదన నాకు కొంత వింతగా ఉంది, ఎందుకంటే మా అన్నయ్య ఒక ఏడాది ఆ కవాతు దళాలలో నడిచాడు. వందనం చేసే చోట దళమంతా ఒక్కసారిగా తల పక్కకు తిప్పినా, ఆ వైపు చివరి వరుసలో నడిచేవారు మాత్రం సూటిగా ముందుకే చూడాలి, లేకపోతే వరుసలన్నీ వంకరపోతాయి. అన్నయ్యది ఆ వరుసే. పొగమంచులో వారాల తరబడి సాధన చేసి, రాష్ట్రపతి ముందు నుంచి నడిచి, రాష్ట్రపతిని చూడకుండానే వెళ్ళిపోయాడు. ఇంటికి వచ్చాక ఆ ముక్క చెప్పి నవ్వేవాడు. శిఖరమైనా చూసిన మీ నాన్నగారు నష్టపోయారని నేను అనుకోను. రద్దీకి జంకేవారు జనవరి 23న అదే దారిలో జరిగే పూర్తి స్థాయి రిహార్సల్‌కు వెళ్ళవచ్చు.

అమలాపురం సభ్యుడు:
వయసు పైబడినవారిని తీసుకువెళ్ళే విషయంలో నా మాట మార్చుకోను. అయితే కవాతును నేను సరిగా చూడలేదన్న భీమవరం వారి మాట నిజమే. శకటాలు ఎప్పుడు వస్తాయా అని మెడ సాచి చూడటంతోనే నా పొద్దు గడిచిపోయింది. కాకినాడ వారు రాసినది నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ప్రభల ఊసు ఎత్తలేదు. ఆ చివరి వరుస మనకు ఎటువైపు నుంచి కనిపిస్తుందో కనుక్కోమన్నారు.