సౌర తుఫాను బొమ్మలో అయస్కాంతం పెట్టాలా, వద్దా?
ఐదారేళ్ల పిల్లల కోసం ఏటికొప్పాక లక్క బొమ్మల తరహాలో ఒకటి తయారు చేద్దామనుకుంటున్నాను. సౌర తుఫానులో సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలను భూమి అయస్కాంత క్షేత్రం ఎలా పక్కకు మళ్లిస్తుందో అది చూపించాలి. 2024 మేలో అలాంటి తుఫాను వల్ల లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిన ఫోటోలతో పరిచయం చేస్తాను.

చిక్కంతా అయస్కాంతంతోనే. పిల్లలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టేస్తాయి, ప్రాణానికే ముప్పు. పైగా కణాలకు బదులు ఇనుప గుండ్లు వాడితే అవి అయస్కాంతానికి అతుక్కుంటాయే తప్ప పక్కకు తప్పుకోవు! అందుకని కర్ర భూమి చుట్టూ వంపు గాడి చెక్కి గోళీలు దొర్లిస్తే అర్థమవుతుందా? లేక అయస్కాంతాన్ని ఊడిరాకుండా లోపలే బిగించే పద్ధతి ఎవరికైనా తెలుసా? పెద్ద సౌర తుఫాను ఇక్కడికి చేరడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది కదా, ఆ ఆలస్యాన్ని ఆటలో ఎలా చూపించాలో కూడా చెప్పండి. బ్యాటరీలు మాత్రం వద్దు.