అప్‌డేట్: వైజాగ్‌లోనే ఉండాలా, అరకులో కూడా ఆగాలా?

నాలుగు రాత్రులూ వైజాగ్‌లోనే ఉండి కారులో తిరగాలా, లేక అరకు, పాడేరుల్లో కూడా ఆగాలా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్.

చివరికి వైజాగ్‌లో రెండు, అరకులో రెండు రాత్రులు ఉన్నాం. అరకు నూట పదిహేను కిలోమీటర్లే అయినా అనంతగిరి ఘాట్ మలుపుల్లో అమ్మ దారంతా నిమ్మకాయ వాసన చూస్తూనే కూర్చుంది. రోజూ ఎక్కి దిగాల్సి వస్తే ఆమె వల్ల అయ్యేదే కాదు. బొర్రా గుహలు వెళ్లేటప్పుడే దారిలో చూసేశాం.

ఒక్కటే తప్పు చేశాం. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద సూర్యోదయం వేళ కనిపించే మబ్బుల కోసం అరకు నుంచి రాత్రి మూడింటికే బయల్దేరాం. చీకటి, పొగమంచు, ఒకటే టెన్షన్. సూర్యుడు వచ్చేసరికి పిల్లలు కారులోనే నిద్ర. వంజంగి చూడాలనుకుంటే ఆ ముందు రాత్రి పాడేరులోనే ఉండండి.