రోజూ బస్సులో ఆఫీసుకి: లా వీ ఎస్ట్ బెల్లా, బర్బెరీ హరా?

బొబ్బిలి_వీణ: ఉద్యోగం విజయనగరంలో. రోజూ బొబ్బిలి నుంచి బస్సులో వెళ్లి రావాలి. మామయ్య దుబాయ్ నుంచి వస్తూ ఒక సెంటు సీసా తెస్తానన్నారు. నాకు తీపి వాసనలంటే ఇష్టం. లాంకోమ్ వాళ్ల లా వీ ఎస్ట్ బెల్, బర్బెరీ వాళ్ల హర్, ఈ రెండింటి దగ్గర ఆగిపోయాను. ఒక్కటే చెప్పండి. రెండూ కొనుక్కో అనొద్దు.

పలాస_జీడిపప్పు: హర్. 2018లో ఫ్రాన్సిస్ కుర్క్‌జాన్ అనే సెంట్ల తయారీదారు చేశాడు. స్ట్రాబెరీ, రాస్ప్‌బెరీ, కింద కస్తూరిలాంటి మస్క్. లా వీలో కూడా పియర్, బ్లాక్ కరెంట్ ఉన్నాయి గానీ, కాసేపటికి ప్రాలీన్ (గింజలూ పాకం కలిపిన మిఠాయి), వెనిలా, పచౌలీ ఆకు వాసన కమ్మేస్తాయి. మే నెలలో పక్క సీటువాళ్ల గతేటి?

కోట_జంక్షన్: ఒప్పుకోను. పళ్ల వాసనంటే తేలికని అందరూ అనేస్తారు. ఎండకి ముందుగా ఎగిరిపోయేవే అవి. నువ్వు బస్సు దిగేసరికి ఒంటి మీద ఉండేది అడుగు వాసన, దాన్ని చూసి కొనాలి. లా వీలో ఐరిస్ ఉంది, పౌడర్‌లా పొడిగా ఉండి తీపిని అదుపులో పెడుతుంది. హర్ మధ్యాహ్నానికి మూత తీసిన జామ్ సీసాయే.

పలాస_జీడిపప్పు: హర్‌లో వయొలెట్ ఉంది అన్నా, అదీ పొడి వాసనే. పైగా లా వీ 2012 నాటిది. ఏ పెళ్లికి వెళ్లినా అదే తగులుతోంది.

కోట_జంక్షన్: పదిమందికీ నచ్చడం కూడా తప్పేనా?

అరసవల్లి_ఎండ: ఈ పాత గొడవకి మూలం 1992లో వచ్చిన మ్యూగ్లర్ వాళ్ల ఏంజెల్ సెంటు. పీచుమిఠాయి వాసనిచ్చే ఇథైల్ మాల్టాల్‌ని దండిగా పోసి, పక్కన పచౌలీ పెట్టారు. లా వీ ఆ వంశానిదే. అగరొత్తుల్లో వేసే పచౌలీయే ఇదీ. అది పడనివాళ్లకి ఐరిస్ ఎంతున్నా లాభం లేదు. వీణ గారూ, అట్టముక్క మీద వాసన చూసి తేల్చకండి. తెలిసినవాళ్ల దగ్గర రెండూ ఉంటే, ఒక్కో మణికట్టు మీద ఒక్కోటి కొట్టుకుని ఎండలో తిరిగి రండి. సాయంత్రం చూసుకోండి.

చీపురుపల్లి_పాసింజర్: బస్సుకి ఏదీ వద్దమ్మా. నాకు ఉబ్బసం. కిటికీ పక్క సీటు దొరక్కపోతే ఇలాంటి వాసనలతో నరకమే. ఆఫీసుకి వెళ్లాక కొట్టుకో.

కోట_జంక్షన్: ఇది మాత్రం న్యాయమే. పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం రోజు జనంలో నాక్కూడా ఊపిరాడలేదు.

బొబ్బిలి_వీణ: మా ఆఫీసులో అక్క దగ్గర రెండూ ఉన్నాయి, ఆవిణ్ని అడిగి చేతుల మీద వేసుకుని చూశాను. సాయంత్రానికి లా వీ ఉన్న చేయి అగరొత్తుల కొట్టులా ఉంది. నాకు ఆ వాసనకి మొదటినుంచీ తలనొప్పి. మామయ్యకి హర్, చిన్న సీసా చాలని చెప్పేశాను. బస్సు దిగాకే వాడతాను పాసింజర్ గారూ.

కోట_జంక్షన్: అగరొత్తులు పడవని మొదటే చెప్పి ఉంటే నేనింత వాదించేవాణ్నా తల్లీ!