టీబీ గోళీల కెమిస్ట్రీ: ఎర్ర యూరిన్, కాళ్ల తిమ్మిర్లు, కీళ్ల నొప్పులు.. అసలు లోపల ఏం జరుగుతోంది?

గుంటూరు_కుర్రాడు:
మా నాన్నకి ఊపిరితిత్తుల టీబీ అని తేలింది, గవర్నమెంట్ మందులు మొదలెట్టారు. నాలుగు మందులు (ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్) కలిపిన గోళీ, ఆయన బరువుకి రోజుకి నాలుగు, పరగడుపున వేసుకోమన్నారు. మొదటిరోజే యూరిన్ ఎర్రగా వస్తే రక్తం పోతోందని హడలిపోయాడు, ఆశా వర్కర్ వచ్చి అది మందు రంగేనండీ అని చెప్పాక కుదుటపడ్డాడు. నేను ఎమ్మెస్సీ ఆర్గానిక్ ఫైనలియర్. సైడ్ ఎఫెక్టుల లిస్టులు నెట్‌లో బోలెడున్నాయి, నాకు కావాల్సింది అవి కాదు, ఈ మాలిక్యూల్స్ ఎలా పనిచేస్తున్నాయి, ఈ ఇబ్బందులు ఎందుకొస్తున్నాయి అన్నది. వాడినవాళ్లు, తయారుచేసేవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు ఎవరున్నా రాయండి ప్లీజ్.

మెడ్‌కెమ్_మాస్టారు:
బీఫార్మసీ పిల్లలకి ఇదే పాఠం చెప్తుంటాను కాబట్టి ఐసోనియాజిడ్‌తో మొదలెడతా, నాలుగింట్లో నాకు ఇష్టమైంది అదే. పిరిడిన్ రింగు, నాలుగో పొజిషన్‌లో ఒక హైడ్రజైడ్ (రెండు నైట్రోజన్లు పక్కపక్కనే ఉండే తోక), అంతే, నువ్వు ల్యాబులో ఒక పూటలో చేసేయొచ్చు. 1912లోనే ప్రాగ్‌లో మేయర్, మాలీ అనే ఇద్దరు చేసి పేపర్ రాసి వదిలేశారు, దాదాపు 40 ఏళ్లు ఎవరికీ పట్టలేదు. 1950ల మొదట్లో రోష్, స్క్విబ్, బేయర్ మూడూ ఎవరికి వారే ఇది టీబీ మీద పనిచేస్తుందని కనిపెట్టి పేటెంట్ కోసం చూసుకుంటే పాత పేపర్ అడ్డొచ్చింది, మాలిక్యూల్ మీద పేటెంట్ ఎవరికీ దక్కలేదు. అది పేదవాడి అదృష్టం అనుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. గోళీలో ఉన్నప్పుడు అది ఇంకా మందు కాదు, ప్రోడ్రగ్. క్రిమి లోపలికి వెళ్లాక క్రిమి సొంత ఎంజైమే, క్యాట్‌జీ అంటారు, దాన్ని యాక్టివేట్ చేస్తుంది, ఐసోనికోటినాయిల్ రాడికల్ అనే చురుకైన ముక్క పుట్టి, క్రిమి కణంలో ఉండే ఎన్‌ఏడీ అనే సహాయక మాలిక్యూల్‌కి అతుక్కుంటుంది, ఆ రెండూ కలిసిన ముక్క పోయి ఇన్హా అనే ఇంకో ఎంజైమ్‌లో కూర్చుంటుంది, దాంతో మైకోలిక్ యాసిడ్లు తయారవడం ఆగిపోతుంది. ఆ క్రిమి గోడలో మైనంలా ఉండేవి అవే, అవి లేకపోతే బతకలేదు. అంటే తన చావు మందు తనే వండుకుంటోంది. రెసిస్టెన్స్ కూడా అక్కడే వస్తుంది, క్యాట్‌జీలో 315వ చోట సెరీన్ అనే అమైనో యాసిడ్ పోయి థ్రియోనైన్ వస్తే చాలు, ఎంజైమ్ తన మామూలు పని చాలావరకు చేసుకుంటుంది గానీ మన మందుని మాత్రం యాక్టివేట్ చెయ్యదు.

నర్సీపట్నం_లక్ష్మి:
నేను ఈ మందులు పూర్తి కోర్సు వాడాను. నాకు ఎర్ర యూరిన్ కంటే అరికాళ్ల మంటలు, తిమ్మిర్లే ఎక్కువ బాధపెట్టాయి, రాత్రి దుప్పటి తగిలినా చిరాకే. డాక్టరమ్మ బీ6 విటమిన్ గోళీ ఇచ్చాక నెమ్మదిగా తగ్గింది. మా ఆడపడుచు కూడా అవే మందులు వాడింది, తనకి ఒక్కరోజు కూడా తిమ్మిరి రాలేదు. ఒకే మందు ఇద్దరిలో ఇంత తేడా ఎందుకుంటుంది మాస్టారూ?

మెడ్‌కెమ్_మాస్టారు:
లక్ష్మిగారూ, రెండు కారణాలు. బీ6 మన ఒంట్లో పిరిడాక్సాల్ రూపంలో తిరుగుతుంటుంది, దానికి ఒక ఆల్డిహైడ్ ఉంది. ఐసోనియాజిడ్ చివర ఎన్‌హెచ్2 ఉంది. ఆల్డిహైడ్ కనబడితే హైడ్రజైడ్ ఊరుకుంటుందా, దానికి అతుక్కుని హైడ్రజోన్ అనే జంట మాలిక్యూల్ కట్టేస్తుంది, ఆ విటమిన్ యూరిన్‌లో పోతుంది, నరాలకి లోటు పడుతుంది. అందుకే మందుతోపాటు పిరిడాక్సిన్, అంటే ఆ బీ6 గోళీయే, ఇస్తారు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకి, గర్భిణులకి, మద్యం తాగేవాళ్లకి, సరిగ్గా తిండి లేనివాళ్లకి.

రెండోది లివర్‌లోని నాట్2 అనే ఎంజైమ్. అది అదే ఎన్‌హెచ్2 మీద ఎసిటైల్ అనే చిన్న ముక్క తగిలించి మందుని పనిచెయ్యకుండా చేస్తుంది. కొందరిలో ఇది చురుగ్గా ఉంటుంది, కొందరిలో నిదానం, పుట్టుకతో వచ్చేదే. నిదానంగా ఉన్నవాళ్ల రక్తంలో మందు ఎక్కువసేపు నిలుస్తుంది, తిమ్మిర్లూ ఎక్కువ, లివర్ దెబ్బతినే రిస్కూ కొంచెం ఎక్కువ. మద్రాస్ చెట్‌పట్‌లో ఉన్న టీబీ సెంటర్‌వాళ్లు 1960ల మొదట్లోనే దక్షిణాది పేషెంట్లలో ఇది కొలిచారు, మనలో నిదానం బాపతు బాగానే ఉన్నారు. మీరూ మీ ఆడపడుచూ రక్తసంబంధం కాదు కాబట్టి చెరో రకం అయి ఉండొచ్చు.

బొల్లారం_క్యూసీ:
హైడ్రజోన్ మాట వచ్చింది కాబట్టి నేను ఎంటర్ అయితున్నా. బల్క్ డ్రగ్ కంపెనీల క్యూసీల, అంటే క్వాలిటీ చెక్ చేసే ల్యాబుల, చేస్తా, రిఫాంపిసిన్ శాంపిళ్లు పట్టుకుంటే చేతులు, కోటు, టిష్యూ పేపర్ అన్నీ ఇటుక రంగే, ఇంటికి పోయినా గోర్ల సందుల నుంచి పోదు. యూరిన్, చెమట, కన్నీళ్లు రంగు మారేది అందుకే, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేటోళ్లు జాగ్రత్త, అవి శాశ్వతంగా మరకలైతయ్.

ఆ మాలిక్యూల్ పెద్దది, నాఫ్తలీన్ కోర్ మీద ఈ పక్కనుంచి ఆ పక్కకి బకెట్ హ్యాండిల్ లెక్క పొడుగు చెయిన్. 1957ల ఫ్రాన్స్ సముద్రం ఒడ్డున సెయింట్ రఫేల్ మట్టిల దొరికిన సూక్ష్మజీవి నుంచి మిలాన్‌లోని లెపెటిట్ కంపెనీవాళ్లు రిఫామైసిన్లు తీసిండ్రు, అవి నోటితో మింగితే పనిచెయ్యకపోయేది. దానికి మూడో పొజిషన్‌ల ఆల్డిహైడ్ పెట్టి, 1-అమైనో-4-మిథైల్ పిపరజీన్‌తోటి కలిపిన్రు. ఏం వచ్చింది? మళ్ల హైడ్రజోనే. అదే రిఫాంపిసిన్.

ఇగ అసలు తిరకాసు చూడుర్రి. కడుపుల యాసిడ్‌కి ఆ బాండ్ కొంచెం కొంచెం తెగి ఆల్డిహైడ్ బయటపడ్తది. పక్కనే అదే గోళీల నుంచి వచ్చిన ఐసోనియాజిడ్ ఉంటది. అది పోయి దానికి అతుక్కుంటది, రెండు మందులూ కొంత వేస్ట్. నాలుగు మందులు ఒక్క గోళీల పెట్టుడు పేషెంట్‌కి సుఖం గానీ తయారుచేసేటోళ్లకి తలనొప్పే, రిఫాంపిసిన్ రక్తంలోకి సరిగ్గ ఎక్కుతుందని రుజువు చూపెట్టాలె.

గుంటూరు_కుర్రాడు:
అన్నా మైండ్ బ్లాక్ అయింది, మూడు చోట్లా ఒకటే రియాక్షన్, మేం రెండో సెమిస్టర్‌లో రొటీన్‌గా చేసి రికార్డు రాసి పారేసిందే. అయితే పరగడుపున అనేది కూడా దీనికేనా?

బొల్లారం_క్యూసీ:
ప్రధానంగ తిండి ఉంటే రిఫాంపిసిన్ లేటుగ, తక్కువగ ఎక్కుతది, అందుకు. మరీ వాంతికి వస్తే ఏం చెయ్యాల్నో సెంటర్ల డాక్టర్‌నే అడుగుర్రి, సొంతంగ టైం మార్చొద్దు.

ఇంకోటి, ఆ పిపరజీన్ ముక్క వల్లనే 2020ల పెద్ద లొల్లి అయింది. రిఫాంపిసిన్‌ల ఎంఎన్‌పీ అనే నైట్రోసమీన్ (క్యాన్సర్ తెప్పించొచ్చని అనుమానమున్న మలినం) ఉన్నదని బయటపడ్డది. అప్పటి అమెరికా ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) లెక్క ప్రకారం 0.16 పీపీఎం (పది లక్షల్ల 0.16 వంతు) దాటొద్దు, కానీ గా లెక్కే పట్టుకొని కూసుంటే మార్కెట్ల మందే దొరకదు కాబట్టి తాత్కాలికంగ 5 పీపీఎం దాకా ఒప్పుకున్నరు. నా దృష్టిల అది సరైన నిర్ణయమే, టీబీకి మందు ఆగితే వచ్చే నష్టం ముందు అదెంత. కానీ మా డిపార్ట్‌మెంట్‌కి ఆ ఏడాది నిద్ర లేదు.

విజయవాడ_వెంకట్:
నేనూ ఇవే మందులు వాడుతున్నా, మోకాళ్లు, కాలి వేళ్ల దగ్గర విపరీతమైన నొప్పులు, యూరిక్ యాసిడ్ ఎక్కువ వచ్చింది. మా బావ యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ తెచ్చిస్తానంటున్నాడు, వేసుకోవచ్చా?

మెడ్‌కెమ్_మాస్టారు:
వెంకట్ గారూ ఆగండి, వేసుకోకండి. ఆ నొప్పులు నాలుగు మందుల్లో మూడోదైన పైరజినమైడ్ పని. క్రిమి దాన్ని పైరజినోయిక్ యాసిడ్‌గా మారుస్తుంది, క్రిమిని చంపేది అదే, కానీ మన లివర్ కూడా అదే యాసిడ్ తయారుచేస్తుంది, అది కిడ్నీలో యూరిక్ యాసిడ్ బయటికి పోకుండా అడ్డుపడుతుంది. అల్లోప్యూరినాల్ ఆపే ఎంజైమే ఈ పైరజినోయిక్ యాసిడ్‌ని కూడా వదిలించేది, దాన్ని ఆపితే అది ఇంకా పేరుకుంటుంది. మామూలు నొప్పి మాత్రతో సరిపోతుందా అని డాక్టర్‌ని అడగండి, పైగా ఈ మందు మొదటి రెండు నెలలే.

తణుకు_సుబ్బు:
నాలుగోది ఇథాంబ్యుటాల్ కదా, అది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు కనిపెట్టిందే అని వాట్సాప్‌లో వచ్చింది. మన భీమవరం బిడ్డ!

మెడ్‌కెమ్_మాస్టారు:
సుబ్బు గారూ, ఆయన మీద గౌరవం నాకూ ఉంది గానీ ఆయన 1948లోనే పోయారు. ఇథాంబ్యుటాల్ 1961లో వచ్చింది, ఆయన పనిచేసిన లెడర్లీ కంపెనీలోనే, అంతవరకే నిజం. ఆయన చేసినవి చెప్పుకోవడానికే చాలా ఉన్నాయి, చెయ్యనివి అంటగట్టక్కర్లేదు.

ఆ మందులో మా పిల్లలకి చెప్పే పాయింట్ ఏంటంటే స్టీరియో కెమిస్ట్రీ, అంటే అవే అణువులు స్థలంలో ఎటు తిరిగి ఉన్నాయన్నది. ఎస్,ఎస్ రూపం దాని అద్దం బొమ్మ ఆర్,ఆర్ కంటే సుమారు 500 రెట్లు బలమైంది. చాలా నోట్సుల్లో ఎస్,ఎస్ మంచిది, ఆర్,ఆర్ కళ్లు పోగొట్టేది అని రాస్తారు, అలా కాదు, విషం అన్నింట్లో దాదాపు సమానమే, పనిచేసేది ఒకటే కాబట్టి దాన్నే ఇస్తే తక్కువ డోసుతో సరిపోతుంది. ఇప్పుడిచ్చే ఎస్,ఎస్‌తో కూడా కంటి నరం దెబ్బతినొచ్చు, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోయినా, చూపు మసకేసినా వెంటనే చెప్పాలి.

మెడికల్‌షాపు_పద్మ:
కొత్త మందుల గురించి ఎవరూ రాయలేదు. మొండి టీబీకి ఇచ్చే బెడాక్విలిన్ ఉంది కదా, అది క్రిమి తన శక్తి కోసం ఏటీపీ అనే మాలిక్యూల్ తయారుచేసే మెషీన్నే ఆపుతుంది, 2012లో అమెరికాలో అప్రూవ్ అయ్యింది, ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది, గుండె ఈసీజీ చూస్తూ ఇవ్వాలి. దానితో ఇచ్చే ప్రెటోమానిడ్ వెనక మన దేశం కథ ఉంది, 1980ల చివర బొంబాయి గోరేగావ్‌లో సిబా-గైగీ ల్యాబులో నాగరాజన్ గారి టీమ్ నైట్రోఇమిడజోల్ అనే రకం మాలిక్యూల్ ఒకటి చేశారు, టీబీ మీద బాగా పనిచేసింది గానీ జన్యువుల్ని మార్చే గుణం ఉందని పక్కన పెట్టారు, ఆ దారిలోనే తర్వాత అమెరికాలో ప్రెటోమానిడ్ వచ్చింది.

తమ్ముడూ, మీ నాన్నగారికి షుగర్ ఉందా?

గుంటూరు_కుర్రాడు:
ఉందక్కా, గ్లిమెపిరైడ్ వాడతారు. ఈ మందులు మొదలయ్యాక షుగర్ పెరిగింది, స్వీట్లు తింటున్నాడేమో అని అమ్మ రోజూ తిడుతోంది.

మెడికల్‌షాపు_పద్మ:
పాపం ఆయన్ని తిట్టొద్దని చెప్పు. రిఫాంపిసిన్ లివర్‌లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు బాగా పెంచేస్తుంది, గ్లిమెపిరైడ్ తొందరగా ఖర్చయిపోతుంది. జబ్బు వల్ల కూడా షుగర్ పెరుగుతుంది అనుకో. బెడాక్విలిన్‌ని రిఫాంపిసిన్‌తో కలిపి ఇవ్వకపోవడానికి కూడా ఇదే కారణం, రక్తంలో బెడాక్విలిన్ సగానికి పడిపోతుంది. షుగర్ డాక్టర్‌కి టీబీ మందుల స్లిప్ చూపించండి, డోసు పెంచుతారో ఇన్సులిన్ పెడతారో వాళ్లు చూస్తారు. కోర్సు అయిపోయాక కూడా మర్చిపోకుండా మళ్లీ వెళ్లాలి, రిఫాంపిసిన్ ఆపిన రెండు మూడు వారాల్లో ఎంజైములు మామూలుకి వచ్చేస్తాయి, అప్పటికీ పెంచిన డోసే వేసుకుంటూ పోతే లో షుగర్ వచ్చి పడిపోతారు.