జనాభా లెక్కనే నిధులు పంచడం మన జిల్లాలకు న్యాయమేనా?

వంశధార తీరవాసి (శ్రీకాకుళం):
రాబోయే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ, అంటే జనాభాను ఆ రోజు నాటిదిగా చూపుతారు. మన ఊళ్ల వలస కూలీలు సంక్రాంతికి వచ్చి, ముక్కనుమ దాటగానే చెన్నైకో హైదరాబాదుకో తిరిగి రైలెక్కుతారు. ఇంటింటి లెక్క తీసేది ఫిబ్రవరిలో. గణన సాగినన్ని రోజులూ ఊళ్లో లేనివారిని ఆ ఇంటి లెక్కలో రాయరు. 2001-2011 మధ్య ఉమ్మడి రాష్ట్ర జనాభా సుమారు 11 శాతం పెరగగా విజయనగరం జిల్లాలో పెరిగింది 4.23 శాతమే, శ్రీకాకుళంలో 6.5 శాతం. 15వ ఆర్థిక సంఘమేమో స్థానిక సంస్థల నిధులను రాష్ట్రాల మధ్య పంచడంలో జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యమిచ్చింది. ఇదే కొలత పంచాయతీల దాకా దిగితే ఖాళీ అవుతున్న ఊరు మరింత ఖాళీ కాదా?

గజపతినగరం మాస్టారు:
తీరవాసి గారూ, మీ ఆవేదన అర్థమైంది కానీ వాదనతో ఏకీభవించలేను. జనం తగ్గిన ఊళ్లో బడినే చూడండి. ఏడుగురు పిల్లలున్న బడిలో ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకరికి ఎక్కాలు రాయమని చెప్పి మరొకరికి అక్షరాలు దిద్దిస్తుంటే, దాన్ని బడి అనడానికి నాకు మనసొప్పదు. అదే జీతంతో పట్టణంలో కిక్కిరిసిన తరగతిని రెండుగా విడదీయవచ్చు. పైగా చెన్నైలో ఉన్నన్నాళ్లూ అక్కడి నీరు, అక్కడి ఆసుపత్రి వాడుకునే మనిషిని మన పద్దులో రాయమంటే ఆ నగరం ఊరుకుంటుందా? జనం ఎక్కడుంటే డబ్బు అక్కడికే వెళ్లాలి.

వంశధార తీరవాసి:
మనిషిని రెండుచోట్ల లెక్కించమని నేను అనలేదండి. వెళ్లినవారు కాదు, మిగిలినవారెవరన్నదే నా ప్రశ్న. వయసులో ఉన్నవారు వెళ్లిపోతే ఇంట్లో ఉండేది ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన పసివాళ్లు. తలల సంఖ్య తగ్గినా ఆసుపత్రి అవసరం తగ్గదు. మంచినీటి గొట్టం వంద ఇళ్లకైనా ముప్ఫై ఇళ్లకైనా అంతే పొడవు వేయాలి, మోటారుకు కరెంటు బిల్లు కట్టాలి, పగిలితే అతుకు వేయించాలి. ఇంటిపన్ను మాత్రం తాళం పడ్డ తలుపుల దగ్గర వసూలు కాదు. దూరానికి విలువ కట్టడం ప్రభుత్వానికి కొత్త కాదు: ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మైదానంలో 30,000 జనాభా ప్రమాణమైతే కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 చాలు. డోలీ కట్టి గర్భిణిని కిందికి మోసుకొచ్చే సీతంపేట కొండల కోసం ఆ ప్రమాణం ఎలా సడలిందో, వృద్ధులే మిగిలిన మైదానపు ఊరికీ అలాగే సడలాలి.

పలాస జీడితోట:
ఉద్దానానికి హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా నీళ్లు తెచ్చింది తలలు లెక్కపెట్టి కాదు, మూత్రపిండాల వ్యాధి చూసి. కానీ ఎన్ని ప్రాణాలు పోయాక తెచ్చారన్నదీ గుర్తుంచుకోవాలి.

గజపతినగరం మాస్టారు:
ఆరోగ్యం, నీటి విషయంలో మీతో ఉన్నాను. బడి విషయంలో మాత్రం కాదు. ఆ ఏడుగురినీ పెద్ద బడికి చేర్చే బండి ఖర్చు ప్రభుత్వం రాతపూర్వకంగా భరిస్తానంటే చిన్న బడి మూసేయమనే చెబుతాను.

వంశధార తీరవాసి:
వానాకాలంలో గెడ్డ పొంగిన రోజు ఆ బండి ఎటు వెళుతుందో కూడా ఆ రాతలో ఉండాలి మాస్టారూ.