‘వార్’ పాట ఎవరిది: చక్రవర్తిదా, పాడినవారిదా?

ఏటిగట్టు:
జమైకా సంగీత శైలి రెగెలోని నిరసన గీతాల గురించి ఇక్కడ జరిగిన చర్చలో చాలామంది సభ్యులు జమైకా గాయకుడు బాబ్ మార్లే 1976లో పాడిన ‘వార్’కు పెద్దపీట వేశారు. నాకు అభ్యంతరం ఉంది. ఆ పాటలోని మాటలు దాదాపు అన్నీ ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ 1963 అక్టోబరు 4న న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగంలోనివి. ఒక జాతి ఎక్కువ, మరొక జాతి తక్కువ అనే సిద్ధాంతం సమూలంగా పోయేదాకా, ఒంటి రంగుకు కంటి రంగును మించిన ప్రాధాన్యం లేకుండా పోయేదాకా, శాశ్వత శాంతి ఎండమావిగానే మిగిలిపోతుందని ఆయన అన్నారు. మాటలు గొప్పవే. అయితే అంతకు ఏడాది ముందే, 1962 నవంబరులో, అదే ఐక్యరాజ్యసమితి తీర్మానంతో ఏర్పడిన ఇథియోపియా–ఎరిత్రియా సమాఖ్యను రద్దు చేసి ఎరిత్రియాను తన రాజ్యంలో కలిపేసుకున్నది ఆయనే. 1973లో వొల్లో ప్రాంతంలో జనం తిండి లేక రాలిపోతుంటే ఆయన ప్రభుత్వం ఆ సంగతిని బయటికి పొక్కనీయకుండా చూసింది. తన ఏలుబడిలోని వారికి ఇవ్వని హక్కులను ప్రపంచ వేదిక మీద అడిగిన రాజు మాటలు నిరసన ఎలా అవుతాయి?

మద్దెల:
ఏటిగట్టు గారు చెప్పిన రెండు సంగతులూ నిజమే; వాటిని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ ప్రసంగమూ పాటా ఒకటేనన్న భావన మీద మీ ప్రశ్న నిలబడి ఉంది. ప్రసంగ పాఠాన్ని ఎదురుగా పెట్టుకుని పాటను చాలాసార్లు విన్నాను. ప్రసంగంలో ‘అంతదాకా’, ‘అంతదాకా’ అంటూ షరతులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోయాకే ఫలితం వస్తుంది. ఆ ఫలితం శాంతి కల నెరవేరదన్నది. పాటలో అలా ఆగి ఎదురుచూడరు. ఒక షరతు పూర్తయీ కాకముందే ‘యుద్ధం’ అన్న మాట వచ్చి పడుతుంది. అది చక్రవర్తి ప్రసంగంలోని ఆ భాగంలో లేదు. శాంతి దొరకదని రాజు హెచ్చరిస్తే, యుద్ధం ఇప్పటికే నడుస్తోందని పాట చెబుతుంది.

ఇంకొకటి గమనించండి. ఆఫ్రికా ప్రజలం ‘అవసరమైతే’ పోరాడతామని ప్రసంగంలో ఉంటుంది. పాటలో వినిపించేది ‘పోరాటం అవసరమని మాకు తోస్తోంది’ అన్న అర్థం. దౌత్యవేత్తల సభలో పెట్టిన ఆ చిన్న ‘అయితే’, జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేటల్లో పెరిగిన గాయకుడి గొంతులోకి వచ్చేసరికి రాలిపోయింది. నా దృష్టిలో నిరసన అక్కడ పుట్టింది.

కాలం కూడా చూడాలి. 1966 ఏప్రిల్ 21న సెలాసీ జమైకాలో దిగినప్పుడు, ఆయనను దేవుడిగా కొలిచే రాస్తఫారీలు వేల సంఖ్యలో విమానం దగ్గరికే దూసుకువెళ్లారు. మార్లే కూడా రాస్తఫారీయే; ఆ భక్తి పాటలో ఉంది, కాదనను. అయితే పాట వచ్చేనాటికి పొగడటానికి సింహాసనమే లేదు: 1974 సెప్టెంబరులో సైనికులు ఆయనను దించేశారు, 1975 ఆగస్టులో నిర్బంధంలోనే ఆయన మరణించారు. పాటలో పేర్లు వినిపించే మూడు దేశాల్లో మొజాంబిక్, అంగోలా 1975లోనే పోర్చుగల్ పాలన నుంచి బయటపడ్డాయి. మిగిలింది తెల్లజాతి పాలన కిందే ఉన్న దక్షిణాఫ్రికా. ఈ పాట ఉన్న ఆల్బమ్ వచ్చి రెండు నెలలు తిరగకుండానే, 1976 జూన్ 16న అక్కడి సొవెటోలో నల్లజాతి బడి పిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ వేసవిలో ఆ పాట విన్నవారికి పదమూడేళ్ల నాటి ప్రసంగం గుర్తుకు వచ్చి ఉంటుందా, ఆనాటి వార్త గుర్తుకు వచ్చి ఉంటుందా?

పల్లవి:
ఎవరిది అన్న ప్రశ్నకు పత్రాలు కూడా తిన్నగా జవాబు చెప్పవు. రచయితలుగా నమోదైన పేర్లలో సెలాసీ లేరు, మార్లే కూడా లేరు. ఫుట్‌బాల్ ఆటగాడు అలెన్ కోల్, డ్రమ్మర్ కార్ల్‌టన్ బారెట్ ఉన్నారు. మార్లే పాడిన ‘నో వుమన్ నో క్రై’ కూడా ఇలాగే విన్సెంట్ ఫోర్డ్ అనే స్నేహితుడి పేరు మీద ఉంది. పాటల హక్కులు వేరే సంస్థకు వెళ్లే పాత ప్రచురణ ఒప్పందం నుంచి మార్లే తప్పించుకోవడానికే ఇలా చేశాడన్న వాదన లండన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. బారెట్ పేరు ఉండటం మాత్రం నాకు సబబుగానే తోస్తుంది. మొదటి మాత్రను ఖాళీగా వదిలి మూడో మాత్ర మీద దెబ్బ వేసే ‘వన్ డ్రాప్’ వాయిద్యానికి ఆయన పేరుమోసినవాడు. ఛందస్సూ ప్రాసా లేని ఉపన్యాస వచనం పాటగా నిలబడాలంటే లయే దానికి వెన్నెముక కావాలి. వచనాన్ని వచనంగానే పాడి, ప్రతి ఖండిక చివరా ఒకే సంబోధనతో ముగించే కృష్ణమాచార్యుల సింహగిరి వచనాలు ఎరిగిన మనకు ఈ పద్ధతి కొత్తగా అనిపించకూడదు.

ఏటిగట్టు:
ఆ ‘అయితే’ సంగతి నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నాను. పాట ప్రసంగం కన్నా ముందుకు వెళ్లిందన్నదీ సరే. కానీ నా బాధ తీరలేదు. ఎరిత్రియా వారు 1961 నుంచి 1991 వరకు ముప్పై ఏళ్లు యుద్ధం చేశారు. ‘అంతదాకా యుద్ధమే’ అన్న మాట వారికి అక్షరాలా వర్తిస్తుంది. అయినా ఆ పేరు పాటలో లేదు, ఆ ప్రసంగంలో నుంచి రావడానికి వీలూ లేదు. ఆ లోటును గుర్తు చేయకుండా ఈ పాటను పొగడవద్దని మాత్రమే ఇప్పుడు కోరుతున్నాను.

మద్దెల:
ఆ కోరిక న్యాయమైనది, నేను పాటిస్తాను. అయితే పాటలో లేని పేరును పాడేవారు చేర్చుకోవచ్చు. 1992 అక్టోబరు 3న ఐర్లండ్ గాయని షినేడ్ ఓ’కానర్ అమెరికా టెలివిజన్‌లో వాయిద్యాలు లేకుండా ఈ పాట పాడుతూ, పిల్లల మీద జరిగే అకృత్యాలను అందులోకి తెచ్చి, అందుకు క్యాథలిక్ చర్చిని తప్పుపడుతూ చివర పోప్ చిత్రాన్ని చించివేశారు. పదమూడు రోజుల తరువాత న్యూయార్క్‌లో అమెరికా గాయకుడు బాబ్ డిలన్ గౌరవార్థం జరిగిన సభలో ఆమె వేదిక ఎక్కగానే జనం గోల మొదలుపెట్టారు. పాడటానికి వచ్చిన పాటను ఆమె వదిలేశారు. వాయిద్యాలు ఆపమని సైగ చేసి, ఆ గోల మధ్యనే ‘వార్’ను దాదాపు అరుస్తూ వినిపించి దిగిపోయారు.