గోదావరి పోటు మీద ఉండగా పోలింగ్ పడితే లంక బూత్‌ల సంగతేంటి?

వశిష్ఠ ఒడ్డు:
గత పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో, అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు 2024 మే 13న జరిగాయి. రెండుసార్లూ ఏరు బాగా తగ్గి ఉంది కాబట్టి లంకలకి (ఏటి మధ్య దీవుల్లాంటి ఊళ్లకి) పోలింగ్ సామాను చేర్చడం కష్టం కాలేదు. ఏ ఉప ఎన్నికో, స్థానిక ఎన్నికో జూలై, నవంబరు మధ్య పడితే ఎలా? బూత్ మునిగేలా ఉంటే మార్చే అధికారం ఎవరిది? పోలింగ్ సగంలో నీరొస్తే అప్పటికే పడిన ఓట్లు ఏమవుతాయి? పునరావాస కేంద్రంలో ఉన్నవాళ్లు అక్కడి బూత్‌లోనే ఓటు వేయొచ్చా?

ఫారం 17ఎ:
మీ చివరి ప్రశ్నకే మొదట జవాబు చెబుతాను. కుదరదండి. ఏ బూత్ జాబితాలో పేరుంటే అక్కడే వేయాలి. పునరావాస కేంద్రం నుంచి జనాన్ని వాళ్ల బూత్‌కి తీసుకెళ్లి మళ్లీ దింపే ఏర్పాటు అధికారులు చేయాలి. ఓటరు కార్డు నీళ్లలో పోయినా పేరు జాబితాలో ఉంటే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం లాంటివి చెల్లుతాయి.

పోలింగ్ ఆగడం గురించి 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో రెండు సెక్షన్లున్నాయి. చాలామంది రెండిటినీ కలిపి రీపోలింగ్ అనేస్తారు, అది తప్పు. సెక్షన్ 57 వాయిదా గురించి. వరద, పెనుతుపాను లాంటిది వస్తే బూత్‌ని నడిపే ప్రిసైడింగ్ ఆఫీసరే ప్రకటించొచ్చు. ఒక జల్లు పడిందనో, గాలి వీచిందనో ఆపడానికి లేదు. తర్వాత రిటర్నింగ్ ఆఫీసర్ నివేదిక పంపితే, ఎన్నికల కమిషన్ ఆమోదంతో కొత్త తేదీ, చోటు, వేళలు ఖరారవుతాయి. పడిన ఓట్లు పోవు. అదే మార్క్‌డ్ కాపీ (ఓటు వేసినవాళ్ల పేర్లకి గుర్తు పెట్టే ఓటర్ల జాబితా), అదే 17ఎ రిజిస్టరుతో (ఓటర్లు సంతకం పెట్టే పుస్తకం) ఆగిన దగ్గర నుంచి సాగుతుంది, వేసినవాళ్లు మళ్లీ వేయకూడదు. ఆ బూత్ పూర్తయ్యేదాకా లెక్కింపు మొదలుకాదు. సెక్షన్ 58 వేరు. యంత్రాలు నీటిపాలై ఆ బూత్ ఫలితం తేల్చలేని పరిస్థితి వస్తే కమిషన్ ఆ పోలింగ్‌ని రద్దు చేసి, మొదటి నుంచి మళ్లీ పెడుతుంది. అప్పుడు అందరూ మళ్లీ వేయాల్సిందే.

కాబట్టి గుమ్మంలోకి నీరొస్తుంటే ఏజెంట్ల ఎదుటే యంత్రాలకి సీలు వేయాలి. మార్క్‌డ్ కాపీని, రిజిస్టరుని విడిగా పాలిథిన్ సంచిలో కట్టి పైకి ఎక్కించాలి.

బూత్ మార్చడం ప్రిసైడింగ్ ఆఫీసర్ చేతిలో లేదు. జిల్లా ఎన్నికల అధికారి ప్రతిపాదించాలి, కమిషన్ ఒప్పుకోవాలి. ఆపైన అభ్యర్థులకి రాతపూర్వకంగా తెలపాలి, ఊళ్లో టాంటాం వేయించాలి, పాత బూత్ తలుపుకి నోటీసు అంటించాలి. ఇదంతా ఒక్క పూటలో అయ్యే పని కాదు.

ధవళేశ్వరం గేజీ:
నీటి లెక్క నేను చెబుతాను. ధవళేశ్వరంలో 11.75 అడుగులు మొదటి హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులనుకోండి. భద్రాచలంలో అవి 43, 48, 53 అడుగులు. అక్కడి నీరు ఇక్కడికి రావడానికి అటూ ఇటూగా ఒక రోజు. పోలింగ్‌కి రెండు రోజుల ముందు భద్రాచలం గేజీ చూస్తే, మర్నాడు డిస్ట్రిబ్యూషన్ సెంటర్ నుంచి సామాను కదిలే వేళకి పాయలు ఎలా ఉంటాయో అంచనా దొరుకుతుంది.

2022 జూలైలో భద్రాచలంలో 71 అడుగులు, ఇక్కడ 25 లక్షల క్యూసెక్కులు దాటాయి. అలాంటప్పుడు ఆలోచించేదేం లేదు, వాయిదాయే. అసలు ఇబ్బంది మొదటి హెచ్చరికకి అటూ ఇటూ ఉన్నప్పుడు. లంకలో బడి పొడిగానే ఉంటుంది, కాజ్‌వే (పాయ మీద తక్కువ ఎత్తులో వేసిన దారి) మాత్రం నీళ్లలో ఉంటుంది. వాయిదా వేయడానికి కారణం చాలదు, నడపడానికి దారి లేదు. కనకాయలంక చూడండి. ఊరు పశ్చిమగోదావరి యలమంచిలి మండలంలోది, కాజ్‌వే కోనసీమ వైపు చాకలిపాలెం దగ్గర. రూట్ మ్యాప్‌లో రెండు జిల్లాల అధికారులూ ఉండాలి. సముద్రం దగ్గరి మండలాలకి ఇంకోటి చూడాలి. అమావాస్య, పౌర్ణమి పోటుకి సముద్రం నీటిని తీసుకోదు, తగ్గాల్సిన వరద నిలబడిపోతుంది. పోలింగ్ తేదీ పక్కన తిథి కూడా రాసుకోవాలి.

పడవలు ప్రతి బూత్‌కీ రెండు. సిబ్బంది అందరికీ లైఫ్ జాకెట్లు. యంత్రాల పెట్టెల్ని పడవ అడుగున పెట్టొద్దు, ఊట నీరు అక్కడే చేరుతుంది. చెక్కల మీద పెట్టి టార్పాలిన్ కప్పాలి. వీవీప్యాట్ (వేసిన ఓటుని చీటీ మీద చూపే యంత్రం) నాబ్ రవాణాలో అడ్డంగానే ఉండాలి. యంత్రాలు బ్యాటరీ మీదే నడుస్తాయి కాబట్టి కరెంటు పోయినా పోలింగ్ ఆగదు. చీకటి గదిలో ఓటు వేసే కంపార్ట్‌మెంట్ మీదకి పెద్ద లైటు మాత్రం తిప్పొద్దు, నేరుగా పడే వెలుతురు వీవీప్యాట్ సెన్సార్లకి పడదు.

సాయంత్రం 6కి ముగిసినా క్యూలో ఉన్నవాళ్లు, సీళ్లు, పడిన ఓట్ల లెక్క రాసే 17సి ప్రతులు అయ్యేసరికి చీకటి పడుతుంది. వరద ఏట్లో రాత్రి పడవ ఎక్కించొద్దు, కొట్టుకొచ్చే దుంగలు కనపడవు. రాత్రి ఎక్కడ ఆగాలి, కాపలా ఎవరు అన్నది ముందే తేల్చి అభ్యర్థులకి చెప్పి ఉంచాలి.

వశిష్ఠ ఒడ్డు:
ఓటర్లని దాటించడానికి అభ్యర్థులే పడవలు పెడితే?

ఫారం 17ఎ:
పెట్టకూడదు. సెక్షన్ 123(5) ప్రకారం ఓటర్లని ఉచితంగా తరలించడానికి వాహనమే కాదు, పడవ మాట్లాడినా అవినీతి చర్యే. గెలిచినా ఎన్నిక పోవచ్చు. ఓటర్లు తలా కాస్త వేసుకుని ఇంజను లేని నాటు పడవ మాట్లాడుకుంటే తప్పు లేదు, ఆ మినహాయింపు చట్టంలోనే ఉంది. రేవులో టికెట్టు కొనుక్కుని పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కినా తప్పు లేదు. ఏరు ఉరకలెత్తేటప్పుడు గడ పడవ ప్రమాదం. అందుకే ప్రభుత్వమే అందరికీ పడవలు నడపాలి.

గట్టు కింద ఊరు:
పంచాయతీకి ఇంకో చిక్కుంది. 2021లో పోలింగ్ ఉదయం 6.30 నుంచి 3.30 దాకా, 4 గంటలకి అక్కడే లెక్కింపు. బ్యాలెట్ పేపర్ కదా, చెమ్మకి స్టాంపు సిరా పాకుతుంది. కంపార్ట్‌మెంట్ కిటికీకి దూరంగా ఉండాలి, ప్యాడ్‌లో సిరా తక్కువ పోయాలి, ఓటరు చేయి తుడుచుకోవడానికి పొడిగుడ్డ పెట్టాలి. లెక్కింపుకి కనీసం నాలుగు చార్జింగ్ లైట్లు కావాలి.

ఎన్నికల కోడ్ ఉందని వరద, తుపాను సహాయం ఆపక్కర్లేదు. 2019 మేలో ఫణి తుపానుకి తూర్పుగోదావరితో పాటు విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కమిషన్ కోడ్ సడలించింది. అప్పటికి ఇక్కడ పోలింగ్ ఏప్రిల్ 11నే అయిపోయింది, లెక్కింపు మే 23న. ఓట్లున్న యంత్రాలు ఆరు వారాలు స్ట్రాంగ్ రూముల్లోనే. గది నేల రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉందో, పక్క డ్రెయిన్ ఎటు పొర్లుతుందో గది ఎంచుకునే రోజే చూడాలి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది మాత్రం మనుషులు, బడి భవనాలు. వీఆర్వో, సచివాలయం సిబ్బందే వరద డ్యూటీకీ, ఎన్నికల డ్యూటీకీ. బూత్ పెట్టే బడీ, తుపాను భవనమే పునరావాస కేంద్రం. తహశీల్దారు రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఒకే పేరు, ఒకే గది రెండిట్లో ఎక్కడెక్కడ పడిందో నోటిఫికేషన్ రాకముందే కొట్టేయాలి.